‘సరిపోతుంది’ అంటే సరిపోదు

పాత కార్లు బాగుచేసేవాళ్లకి తుప్పు కంటే పెద్ద తలనొప్పి కొత్తగా కొన్న పార్టు. డబ్బా మీద ‘అన్ని మోడళ్లకూ సరిపోతుంది’ అని ఉంటుంది. తీసి పెట్టి చూస్తే బోల్టు రంధ్రం నాలుగు మిల్లీమీటర్లు పక్కకి ఉంటుంది. డోర్ బిగిస్తే కింది సందులో వేలు దూరుతుంది, పై సందులో కాగితం కూడా దూరదు. ఇక మెకానిక్ ఆకురాయి, సుత్తి తీస్తాడు. పార్టు ఖరీదు కన్నా దాన్ని దారికి తెచ్చే కూలి ఎక్కువై, ఖర్చు తడిసి మోపెడవుతుంది.

‘పాత బండ్లకి ఇంతే, సర్దుకోవాలి’ అంటారు చాలామంది. నేను ఒప్పుకోను. ఎందుకంటే ఈ సమస్యకి జవాబు వందేళ్ల కిందటే దొరికింది. 1908లో ఇంగ్లండులోని బ్రూక్‌లాండ్స్‌లో మూడు కాడిలాక్ కార్లని పూర్తిగా విప్పి, భాగాలన్నీ కలగలిపేశారు. అందులోంచి 89 భాగాలు తీసేసి, వాటి స్థానంలో దుకాణంలో అమ్మే స్పేర్లు పెట్టారు. రెంచీలు, స్క్రూడ్రైవర్లతోనే మళ్లీ మూడు కార్లు బిగించి 500 మైళ్లు నడిపారు. ఆకురాయి ముట్టుకోలేదు. కాడిలాక్‌కి డ్యూవర్ ట్రోఫీ వచ్చింది అందుకే. అంటే ఆ రోజుల కారు ‘ఎలా పడితే అలా’ చేసింది కాదు. మరి దానికి ఈ రోజు చేసే పార్టు ఎందుకు పట్టదు?

మొదటి కారణం, అసలు డ్రాయింగ్ లేకపోవడం. ఒక పాత పార్టు ముందు పెట్టుకుని మక్కీకి మక్కీ దించుతారు. ఆ నమూనా యాభై ఏళ్లు అరిగిందో, ఏ యాక్సిడెంట్‌లోనో వంగిందో, ఆ అరుగుదల, ఆ వంకర కూడా కాపీలోకి వచ్చేస్తాయి. రెండోది, లోహం స్వభావం. పోత ఇనుము చల్లారేటప్పుడు దాదాపు ఒక శాతం కుంచించుకుపోతుంది. పాత పార్టునే ప్యాటర్న్‌గా ఇసుకలో అద్దితే, 300 మిల్లీమీటర్ల భాగం మూడు మిల్లీమీటర్లు తగ్గి బయటికి వస్తుంది. రేకుదీ అదే కథ. ప్రెస్‌లో వంచిన రేకు వదలగానే కొంచెం వెనక్కి వస్తుంది. డై చేసేటప్పుడే ఆ లెక్క చూసుకోవాలి. ఇవన్నీ మనం సెకండియర్‌లో చదివి, పరీక్షయ్యాక మర్చిపోయే పాఠాలే.

తయారీదార్ల వైపు కూడా న్యాయం ఉంది. ఏడాదికి వంద ఫెండర్లు అమ్ముడుపోయే చోట లక్షల ఖర్చుతో డై ఎవరు చేయిస్తారు? పైగా ఆ కాలపు బాడీలు కూడా ఒకదానికొకటి అచ్చుగుద్దినట్టు ఉండేవి కావు. ఫ్యాక్టరీలోనే డోర్లు చేత్తో సర్దేవారు, అతుకుల్లో సీసం నింపేవారు. కొన్నిసార్లు తప్పు కొత్త పార్టుది కాదు, కుంగిపోయిన కారుది. ఇదంతా నిజమే. కానీ తేడా ఉండటం వేరు, ఆ తేడా చెప్పకుండా అమ్మడం వేరు. ‘రంధ్రాలు వేయలేదు, అంచులో ఐదు మిల్లీమీటర్లు అదనంగా వదిలాం’ అని రాసి అమ్మితే కొనేవాడు సిద్ధంగా ఉంటాడు.

శ్రద్ధ పెడితే దారి ఉందని ఎంజీబీ కారు చూపించింది. ఆ కారు తయారీ 1980లో ఆగిపోయింది. 1988 నుంచి బ్రిటిష్ మోటార్ హెరిటేజ్ సంస్థ పాత ప్రెస్ టూల్స్‌నే వెతికి పట్టుకుని కొత్త బాడీ షెల్స్ చేస్తోంది. మన అంబాసిడర్ తయారీ 2014లో ఆగింది. దాని పార్టుల కొలతలు, మంచి నమూనాలు దొరుకుతుండగానే నమోదు చేసుకోకపోతే, రేపు మనకి మిగిలేది కాపీకి కాపీయే.

ఇందులో పోయేది అందం ఒక్కటే కాదు. క్రోమ్ పట్టీ వంకరగా ఉంటే కంటికి బాగోదు, అంతే. బ్రేక్ వీల్ సిలిండరో, స్టీరింగ్ జాయింటో సరిగ్గా కూర్చోకపోతే ప్రాణం మీదికి వస్తుంది. ఇంకోటి, పార్టు పట్టడం లేదని కారునే కోసేవాళ్లు ఉన్నారు. కొండ నాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడటం అంటే ఇదే. 2021లో కేంద్రం యాభై ఏళ్లు దాటిన బండ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ తెచ్చింది. ఛాసిస్, బాడీ షెల్, ఇంజన్ మార్చి ఉండకూడదని అందులో షరతు ఉంది. కోసేసిన బాడీని మళ్లీ ఎక్కడినుంచి తెస్తాం?

అందుకే నా మాట ఇది. కొత్త పార్టు వచ్చిందని పాతది పాత ఇనుపసామాన్లవాడికి వేసేయకండి. ముందు రెండూ పక్కపక్కన పెట్టి కొలవండి. రంగు వేయకముందే బిగించి చూడండి. పట్టకపోతే కొలతలు రాసి, ఫోటోతో సహా వెనక్కి పంపండి. పాతదాన్ని అతికించి వాడుకోవడం కుదిరితే అదే మేలు. మెకానికల్ వాళ్లకి ఇంకో విన్నపం: మెట్రాలజీ ల్యాబ్‌లో వెర్నియర్ రీడింగులు పక్కవాడి రికార్డులోంచి దించుకునే ముందు ఒక్కసారి ఆలోచించండి. పట్టని పార్టులు పుట్టేది సరిగ్గా అలాగే.