గాల్లో పెట్రోల్ బంకా?

యుద్ధ విమానాల మీద చర్చ వస్తే మన ఐటీ జనంలో ఒక జోకు ఖాయం. ఫైటర్ పైలట్ హీరోనట, ట్యాంకర్ పైలట్ ఏమో గాల్లో పెట్రోల్ బంకు నడిపేవాడట! దుండిగల్ అకాడమీలో శిక్షణ మధ్యలో ఫైటర్, ట్రాన్స్‌పోర్ట్, హెలికాప్టర్ అని దారులు విడిపోతాయి. ట్రాన్స్‌పోర్ట్ వచ్చిందంటే చుట్టాలు "ప్చ్, పాపం" అంటారు, డెవలప్‌మెంట్ కోరుకుని ప్రొడక్షన్ సపోర్టులో పడ్డవాణ్ణి చూసినట్టు.

జోకులేసేవాళ్ళు 1982 ఫాక్‌లాండ్స్ యుద్ధం గురించి ఒకసారి చదవండి. అసెన్షన్ దీవి నుంచి ఒకే ఒక్క వల్కన్ బాంబర్‌ని స్టాన్లీ రన్‌వే దాకా పంపడానికి బ్రిటిష్ వాళ్ళు 11 విక్టర్ ట్యాంకర్లని లేపాల్సొచ్చింది. ట్యాంకర్లకి ట్యాంకర్లే నింపుతూ, ఖాళీ అయినవి వెనక్కి తిరుగుతూ... అచ్చం రికర్షనే. చివరి ట్యాంకర్ కెప్టెన్ బాబ్ టక్స్‌ఫర్డ్, తను వెనక్కి చేరడానికి చాలదని తెలిసీ వల్కన్‌కి ఇంధనం ఇచ్చేశాడు. బాంబులు పడ్డాయన్న సంకేతం వినేదాకా సాయం కావాలని రేడియోలో నోరెత్తలేదు, ఎత్తితే దాడి సంగతి బయటపడుతుందని. ఇంకో ట్యాంకర్ ఎదురెళ్ళి నింపింది కాబట్టి బతికారు. వల్కన్ కెప్టెన్‌కి డిస్టింగ్విష్డ్ ఫ్లయింగ్ క్రాస్ ఇచ్చారు. ఇతనికి ఎయిర్ ఫోర్స్ క్రాస్, అంటే శత్రువుతో తలపడని సాహసానికి ఇచ్చేది. రూల్ ప్రకారం కరెక్టేనట!

సరే, ఉద్యోగంగా చూస్తే లాభాలున్నాయి, కాదనను. పెద్ద విమానం మీద గంటలు లాగ్‌బుక్‌లో చేరతాయి, రేపు ఎయిర్‌లైన్సులో అడిగేది అవే. ఒళ్ళు హూనం చేసే జీ-ఫోర్సులుండవు. పక్కన మనుషులుంటారు, లేచి కాళ్ళు చాపుకోవచ్చు. కానీ గుడి చుట్టూ ప్రదక్షిణల్లా గంటల తరబడి ఒకే చోట తిరగాలి. చేతిలో ఆయుధం ఉండదు, ఎజెక్షన్ సీటు ఉండదు, ఒళ్ళంతా ఇంధనం. యుద్ధమంటూ వస్తే శత్రువు ముందుగా వెతికేవాటిలో ఇదొకటి. యుద్ధం దాకా ఎందుకు, 2013లో కిర్గిజ్‌స్తాన్‌లో అమెరికన్ కేసీ-135 ఒకటి గాల్లోనే విరిగిపోయి ముగ్గురు పోయారు. ఆ మోడల్ తయారీ 1965లోనే ఆగిపోయింది, ఎగరడం మాత్రం ఆగలేదు.

నన్నడిగితే మన దగ్గర అసలు నష్టం ఇవేవీ కాదు, నడపడానికి విమానాలు లేకపోవడం. 2003 నుంచి వచ్చిన ఇల్యూషిన్-78లు మొత్తం ఆరు, ఆగ్రాలో ఉంటాయి. 2010-16 మధ్య సగటున 49 శాతమే ఎగరడానికి సిద్ధంగా ఉన్నాయని 2017లో కాగ్ తేల్చింది. కొత్తవాటి కోసం పిలిచిన టెండర్లు ఎయిర్‌బస్ దాకా వచ్చి రెండుసార్లు, 2010లో ఒకసారి, 2016లో ఒకసారి, రద్దయ్యాయి. 2020లో మొదటి రఫేల్‌లు వస్తుంటే దారిలో నింపింది ఫ్రెంచ్ ట్యాంకర్. ఆఖరికి 2025 మార్చిలో ఒక ప్రైవేటు కంపెనీ దగ్గర్నుంచి, పైన చెప్పిన కేసీ-135 మోడల్‌దే ఒకదాన్ని అద్దెకి తీసుకోవడానికి ఒప్పందం చేసుకున్నారు, మన పైలట్లు గాల్లో ఇంధనం నింపుకోవడం ప్రాక్టీసు చెయ్యడానికి!

సర్వర్లకి కోట్లు పోసి, జనరేటర్ మాత్రం అద్దెకి తెచ్చే మేనేజర్‌ని మన క్యాంటీన్లో ఏమని తిట్టుకుంటాం?