కార్డు వచ్చింది, పని మిగిలింది

విదేశాల నుంచి అమెరికాకు తిరిగి వచ్చేటప్పుడు ఇమిగ్రేషన్ త్వరగా దాటించే కార్యక్రమం గ్లోబల్ ఎంట్రీ. అమెరికాలో ఉన్న మనవాళ్ల ఇళ్లలో దాని కార్డు ఇప్పుడు కొత్త వస్తువేమీ కాదు. ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టి, 120 డాలర్లు కట్టి, ఆమోదం కోసం ఎదురుచూసి, ఇంటర్వ్యూకు వెళ్లి వేలిముద్రలు ఇచ్చి వచ్చాక పోస్టులో ఒక కవరు వస్తుంది. కవరు విప్పి, కార్డు మీద ఫొటో చూసుకుని, ఇంట్లోవాళ్లకు చూపించి, పాస్‌పోర్టుల ఫైల్లో పెట్టేస్తారు. ఇంకో చిన్న పని మిగిలి ఉంటుంది. కార్డు చేతికందిన 30 రోజుల్లోపు, దరఖాస్తు పెట్టిన ట్రస్టెడ్ ట్రావెలర్ ఖాతాలోకి వెళ్లి దాన్ని యాక్టివేట్ చేయాలి. లాగిన్ అయి, కార్డు మీదున్న భద్రతా కోడ్ కొడితే సరిపోతుంది. నెలల తరబడి ఓపిక పట్టినవాళ్లు కూడా ఈ కాసేపటి పని దగ్గర ఆగిపోతున్నారు. మనవాళ్ల సంగతి తెలిసినకొద్దీ నాకు బాధ కలిగించేది ఇదే. కష్టమైనదంతా చేస్తారు, తేలికైనది వదిలేస్తారు.

అసలు ఈ కార్డు ఎక్కడ పనికొస్తుందో చాలామందికి తెలియదు. విమానం దిగినచోట దాన్ని ఎవరూ అడగరు. అక్కడి యంత్రం ముఖం చూసి సభ్యుణ్ని గుర్తుపడుతుంది. పాస్‌పోర్టు మాత్రం చేతిలో ఉండాలి, గ్రీన్‌కార్డు ఉన్నవాళ్ల దగ్గర గ్రీన్‌కార్డు, వీసా మీద ఉన్నవాళ్ల దగ్గర వీసా ఉండాలి. కార్డు అక్కరకొచ్చేది నేల మీది సరిహద్దులో. టొరంటోలో ఉన్న చెల్లెలి ఇంటికి కారులో వెళ్లి, బఫెలో మీదుగానో డెట్రాయిట్ మీదుగానో తిరిగి వచ్చేటప్పుడు, అమెరికా వైపు, ముందే విచారణ అయినవాళ్ల కోసం పెట్టిన నెక్సస్ వరుసలో వెళ్లనిచ్చేది ఆ కార్డే. కెనడాలోకి వెళ్లేటప్పుడు అది చెల్లదు. ఇంకో నియమం కూడా ఉంది. కారులో కూర్చున్న ప్రతి ఒక్కరికీ సభ్యత్వం ఉండాలి, ఒడిలో పసిబిడ్డ ఉంటే ఆ బిడ్డకూ ఉండాలి. తల్లిదండ్రుల్లో ఒకరికి సభ్యత్వం ఉంటే 18 ఏళ్లలోపు పిల్లలకు 2024 అక్టోబరు నుంచి రుసుము లేదు. అయినా పిల్లల పేరు మీద దరఖాస్తు పెట్టనివాళ్లు ఎందరో. చివరికి అమ్మానాన్నలకు కార్డులుండి కూడా కుటుంబమంతా మామూలు వరుసలోనే నిలబడుతుంది.

కార్డు వెనక ఒక తొమ్మిదంకెల సంఖ్య ఉంటుంది. అమెరికాలో దేశం లోపల తిరిగేవాళ్లకు అసలు విలువ దానిదే. టికెట్టు కొనేటప్పుడు ఆ సంఖ్యను ‘నోన్ ట్రావెలర్ నంబర్’ అనే గడిలో వేస్తే భద్రతా తనిఖీలో ప్రీచెక్ వరుస దొరుకుతుంది, ల్యాప్‌టాప్ సంచిలోంచి తీయక్కర్లేదు. ఎయిర్‌లైన్ ఖాతాలో ఒకసారి నింపి పెట్టుకుంటే ప్రతి టికెట్టుకూ అదే వచ్చి చేరుతుంది. కార్డు జేబులో పెట్టుకుని తనిఖీ అధికారికి చూపిస్తే ఆ వరుసలోకి పంపరు. బోర్డింగ్ పాస్ మీద ప్రీచెక్ గుర్తు పడాలి.

మన తెలుగు పేర్ల చిక్కు మొదలయ్యేది సరిగ్గా ఇక్కడే. సంఖ్య, పుట్టినతేదీ, పేరు మూడూ సభ్యత్వంలో ఉన్నట్టే టికెట్టులోనూ ఉండాలి. మనకు ఇంటిపేరు ముందు, పేరు వెనక. పాస్‌పోర్టులో ఇంటిపేరుకు ఒక గడి, పేరుకు ఒక గడి. పాత పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా వదిలి, మొత్తం పేరును ఒకే గడిలో కుక్కినవి ఇప్పటికీ ఉన్నాయి. అలాంటి పాస్‌పోర్టు మీద వీసా ఇచ్చేటప్పుడు అమెరికావాళ్లు పేరంతా ఇంటిపేరు స్థానంలో వేసి, సొంత పేరు ఉండాల్సినచోట ‘మొదటి పేరు తెలియదు’ అనే అర్థంలో ఎఫ్ఎన్‌యూ అని అచ్చేస్తారు. వెంకట సత్యనారాయణ ఒకచోట రెండు ముక్కలు, ఇంకోచోట ఒకే ముక్క. పెళ్లయ్యాక అత్తగారి ఇంటిపేరు కొన్ని కాగితాల్లోకి ఎక్కి, కొన్నింట్లోకి ఎక్కని అమ్మాయిలు ఎంతమందో. ఈ తేడాల్లో ఒక్కటి ఉన్నా ప్రీచెక్ గుర్తు పడకపోవచ్చు. అప్పుడు కార్డు మీద కోపం వస్తుంది. కార్డు తప్పేమీ లేదు. పాస్‌పోర్టులో ఉన్నదాన్ని అక్షరం పొల్లుపోకుండా దరఖాస్తులోనూ టికెట్టులోనూ వాడటం ఒక్కటే మార్గం. పిల్లలకు కొత్తగా పాస్‌పోర్టు తీసుకుంటున్న తల్లిదండ్రులు రెండు గడులూ నింపితే, వాళ్లకు ఈ బాధ జీవితాంతం ఉండదు.

పాస్‌పోర్టు మారినప్పుడు ఇంకో మెలిక. సభ్యత్వం ఐదేళ్లుంటుంది. ఈలోగా పాస్‌పోర్టు గడువు తీరి కొత్తది వస్తే నంబరు మారిపోతుంది. ఖాతాలో పాత నంబరే ఉంటే యంత్రం ఎవరిని గుర్తుపట్టాలి? పదహారు, పద్దెనిమిది గంటలు ప్రయాణం చేసి దిగాక ఈ సంగతి తెలిస్తే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది. కొత్త పాస్‌పోర్టు ఇంటికి వచ్చిన రోజే ఖాతాలో వివరాలు మార్చాలి. ఐదేళ్ల గడువు దగ్గరపడితే ఏడాది ముందు నుంచే పునరుద్ధరణకు దరఖాస్తు పెట్టవచ్చు. షరతులతో ఆమోదం వచ్చి, ఇంటర్వ్యూకు తేదీ దొరకనివాళ్లకు కూడా ఒక దారి ఉంది. విదేశం నుంచి తిరిగి వచ్చినప్పుడు, ఆ ఏర్పాటున్న విమానాశ్రయంలో దిగిన వెంటనే అపాయింట్‌మెంట్ లేకుండా ఇంటర్వ్యూ పూర్తి చేసుకోవచ్చు.

ఈ కార్యక్రమాన్ని అమెరికా 2008లో మొదలుపెట్టింది. భారత పౌరులకు తలుపులు తెరిచింది 2017 జులైలో. అప్పటి మన రాయబారి నవతేజ్ సర్నా అందులో చేరిన మొదటి భారతీయుడు. మన పౌరుడు దరఖాస్తు పెడితే అక్కడి ప్రభుత్వం ఒక్కటే చూసి ఊరుకోదు. మన పాస్‌పోర్టు సేవా వ్యవస్థ ద్వారా ఇక్కడా పూర్వాపరాల విచారణ జరుగుతుంది. రెండు ప్రభుత్వాలు కలిసి ఒక మనిషి గురించి విచారించి, ఇతను నమ్మదగినవాడు అని తేల్చడమంటే చిన్న విషయంగా నేను అనుకోను. ఆ నమ్మకాన్ని పోగొట్టుకోవడం మాత్రం చాలా సులువు.

సామాన్లలో ఏముందో చెప్పకపోతే చాలు. అమ్మ కట్టి ఇచ్చిన పచ్చి కరివేపాకు అమెరికాలోకి తీసుకెళ్లకూడదు, నిమ్మజాతి చెట్లకు తెగులు తెచ్చే పురుగు దాని మీద చేరుతుందని అక్కడి భయం. కోడిమాంసం పచ్చడి, వేటమాంసం పచ్చడి కూడా కూడదు. పెరట్లో కాసిన మామిడిపండ్లు సంచిలో వేసుకుని వెళ్లకూడదు. ఆవకాయ లాంటి పచ్చళ్లను సాధారణంగా ఒప్పుకుంటారు గానీ, తిండి పదార్థం ఏదైనా ఉందని ముందే చెప్పాలి. పదివేల డాలర్లకు మించి డబ్బుంటే అదీ చెప్పాలి. చెప్పినందుకు శిక్ష లేదు, మహా అయితే ఆ వస్తువు తీసేసుకుంటారు. దాచి దొరికితే జరిమానాతో పాటు సభ్యత్వమూ పోవచ్చు. త్వరగా బయటపడాలన్న తొందరలో యంత్రం అడిగినదానికి ఆలోచించకుండా ‘లేదు’ అని నొక్కేవాళ్లకు నేను చెప్పేది ఒకటే. ఆ వరుస వేగంగా కదిలేది అక్కడ నిలబడ్డవాళ్లు నిజం చెబుతారన్న నమ్మకం మీదే.

ఇక మన దేశం మాట. కేంద్ర హోంశాఖ ఇలాంటి ఏర్పాటునే 2024 జూన్‌లో ఢిల్లీలో ప్రారంభించింది. పేరు ఫాస్ట్ ట్రాక్ ఇమిగ్రేషన్, ట్రస్టెడ్ ట్రావెలర్ ప్రోగ్రాం. 2025 జనవరి 16న శంషాబాద్‌తో సహా మరో ఏడు విమానాశ్రయాలకు వచ్చింది. భారత పౌరులకు, ఓసీఐ కార్డున్నవాళ్లకు వర్తిస్తుంది, రుసుము లేదు. పోర్టల్‌లో వివరాలు నింపాలి, విచారణ అయ్యాక విమానాశ్రయంలో గానీ విదేశీయుల నమోదు కార్యాలయంలో గానీ వేలిముద్రలు, ఫొటో ఇవ్వాలి. ఆ తర్వాత పాస్‌పోర్టు, బోర్డింగ్ పాస్ చూపిస్తే ఈ-గేటు ముఖం చూసి తెరుచుకుంటుంది. అర నిమిషంలో పని అవుతుందని ప్రభుత్వం చెబుతోంది. విమానాశ్రయంలోకి ముఖం చూసి పంపే డిజియాత్రకూ దీనికీ సంబంధం లేదని గమనించాలి, అది ఉంది కదా అని ఇది వదిలేయకూడదు. ఇక్కడా మనవాళ్లు జారిపోయేది చివరి మెట్టు మీదే. ఆన్‌లైన్ ఫారం నింపి ఊరుకుంటారు, వేలిముద్రలు ఇవ్వకుండా గేటు తెరుచుకోదు.

ప్రభుత్వాన్ని నేను అడిగేది కూడా ఈ చివరి మెట్టు గురించే. కూతురి పురుటికి ఒంటరిగా బయల్దేరిన అరవై ఏళ్లు దాటిన తల్లికి, జగిత్యాల నుంచి గల్ఫ్‌కు, రాయచోటి నుంచి కువైట్‌కు వెళ్లే కూలీకి ఆ గేటు అందరికంటే ఎక్కువ అవసరం. అర్ధరాత్రి దాటాక శంషాబాద్‌లో ఇమిగ్రేషన్ వరుసలో కాళ్లు పీకేలా నిలబడేది వాళ్లే. కంప్యూటర్ ముందు కూర్చుని ఇంగ్లిషు పోర్టల్ నింపగలిగిన ఉద్యోగికి మాత్రమే ఈ సదుపాయం దక్కితే, నమ్మదగిన ప్రయాణికుడంటే ఇంటర్నెట్ వచ్చినవాడని అర్థమవుతుంది. ఇందుకు కొత్త ఖర్చేమీ పెద్దగా అక్కర్లేదు. పాస్‌పోర్టు సేవా కేంద్రంలో ప్రతి దరఖాస్తుదారు ఫొటో, వేలిముద్రలు తీసుకుంటూనే ఉన్నారు. అక్కడే ఒక మాట అడిగి, ఇష్టపడినవాళ్లను ఈ కార్యక్రమంలోనూ చేర్చవచ్చు. పాస్‌పోర్టు, ఓసీఐ ఇచ్చేటప్పుడే నమోదు జరిగేలా చూడాలని హోంమంత్రి అమిత్ షా 2025 జనవరిలో ఆ ఏడు విమానాశ్రయాల ప్రారంభ సభలో అన్నారు. ఆ మాట నిజామాబాద్, కడప పాస్‌పోర్టు కేంద్రాల దాకా రావాలి. తక్కువ చదువుతో గల్ఫ్‌కు వెళ్లే కార్మికుల వివరాలు 1983 నాటి వలస చట్టం కింద ఇప్పటికే ప్రభుత్వం దగ్గర ఉంటున్నాయి. వాళ్ల గురించి తెలియదు అనే వీలు లేదు. ఇంకోటి, ఈ గేట్లు ఆ తర్వాత మరికొన్ని చోట్లకూ వచ్చాయి గానీ, మొదటి 13 విమానాశ్రయాల్లో ఆంధ్రప్రదేశ్‌లోది ఒక్కటీ లేదు. విశాఖ, విజయవాడల కోసం అక్కడి ఎంపీలు గట్టిగా అడగాలి.

ప్రభుత్వం కదిలేలోపు ఇళ్లలో జరగాల్సింది కొంత ఉంది. అమ్మానాన్నలను పిలిపించుకోబోతున్న కొడుకులూ కూతుళ్లూ, టికెట్టు తీసే ముందే వాళ్ల పాస్‌పోర్టు తెప్పించుకుని చూడండి. ఫాస్ట్ ట్రాక్ దరఖాస్తు నాటికి దానికి కనీసం ఆరు నెలల గడువు ఉండాలి. ఫారం మీరే నింపండి, వేలిముద్రలకు ఎప్పుడు, ఎక్కడికి వెళ్లాలో కాగితం మీద తెలుగులో రాసి పంపండి, వీలైతే ఎవరినైనా తోడిచ్చి పంపండి. ఒకసారి నమోదైతే ఐదేళ్లు, లేదా పాస్‌పోర్టు గడువు తీరేదాకా, ఏది ముందైతే అంతవరకు చెల్లుతుంది.