చచ్చింది కార్డు కాదు, డ్రైవరు

"పాత గ్రాఫిక్స్ కార్డుతో లినక్సా? అవతల పారేయ్" అన్నాడు మొన్నో కొలీగు. నాకు ఒళ్ళు మండింది. కార్డు చెడలేదు బాబూ, డ్రైవరు ఆపేశారు!

2006లో వచ్చిన ఎన్విడియా జీఫోర్స్ 8800నే తీసుకోండి. దానికి చివరి డ్రైవరు 340 సిరీస్, 2019తో సపోర్టు సరి. కెర్నెల్ మారిన ప్రతిసారీ దానికి బయటివాళ్ళు అతుకులు వెయ్యాల్సిందే, లోపలి సోర్సు మాత్రం మూసేశారు. నూవో అనే ఓపెన్ డ్రైవరుంది గానీ, అది రివర్స్ ఇంజనీరింగుతో కట్టింది, వేగం తక్కువ. అదే 2002 నాటి రేడియాన్ 9700కి మెసాలో ఓపెన్ డ్రైవరు ఇంకా ఉంది.

నేననేది ఒకటే: సపోర్టు ఆపిన రోజే సోర్సు తెరవాలి. "ఎండ్ ఆఫ్ లైఫ్" మెయిళ్ళు పంపే మనకీ ఇది వర్తిస్తుంది. కాదంటారా?