వంటింటి దాకా రాని వైఫై

మా ఇంట్లో వైఫై పెట్టె హాల్లో టీవీ పక్కన ఉంటుంది. బిగించడానికి వచ్చిన కుర్రాడు “ఎక్కడ పెట్టమంటారు సార్?” అని మావారిని అడిగాడు. కాఫీ అందిస్తూ నేనూ అక్కడే ఉన్నాను. నన్నెవరూ అడగలేదు, నేనూ నోరు విప్పలేదు. తప్పు నాది కూడా లెండి.

మాది మామయ్యగారు కట్టించిన పాత ఇల్లు. గోడలు మూరెడు మందం. హాలూ, పడకగదీ దాటి వంటింట్లోకొచ్చేసరికి సిగ్నల్ ఒక్క గీత. ఫ్రిజ్ పక్కకెళితే అదీ ఉండదు, ఇనుము అడ్డొస్తే ఆ తరంగాలు దాటలేవుట. ఊళ్లో ఉన్న అమ్మని వీడియోలో చూడాలంటే హాల్లోకి రావాలి. అక్కడ అత్తగారు, మావారు, పిల్లలు. నలుగురి మధ్యా కూచుని “ఒంట్లో ఎలా ఉందమ్మా” అనడం తప్ప ఏం మాట్లాడతాం? అమ్మ కూడా నా వెనకెవరున్నారో చూసి “బాగానే ఉన్నానే” అంటుంది. ఆవిడ మోకాళ్ల నొప్పితో మంచం దిగలేకపోతోందని నాకు రెండు నెలలకి చెల్లెలు చెప్తే తెలిసింది.

“కాసేపు హాల్లో కూచోరాదూ, వంటింట్లో నెట్ ఎందుకు?” అన్నారు మావారు. ఆ కాసేపు నాకెప్పుడు దొరుకుతుందో మీరే చెప్పండి.

ముందు ప్లగ్గుకి తగిలించే రిపీటరు కొన్నాం. దండగ. అందిన ఒక్క గీతనే అది పంచుతుంది. కాలవలో నీళ్లే లేకపోతే చివరి మడికెలా పారుతుంది? పైగా ఒకే రేడియోతో అందుకోవడం, పంపడం రెండూ చేసే రకమైతే వేగం సగానికి పడిపోతుంది.

చివరికి మా అమ్మాయీ, నేనూ అటక మీది పాత రౌటరు దింపాం. హాల్లోంచి తలుపుల పైనుంచి 20 మీటర్ల కేబుల్ లాగి, రెండు కొసలూ రెండు పెట్టెల లాన్ పోర్టుల్లో గుచ్చాం. అంతే, ఇల్లంతా నెట్ పోయింది! రెండింటికీ ఒకే ఐపీ చిరునామా ఉండటం వల్లట. సీరియల్ మధ్యలో ఆగిపోయి అత్తగారు ఆ పూట మాతో మాట్లాడలేదు. పాతదాని చిరునామా చివర 1 తీసి 2 పెట్టాలి, ఆ తర్వాత అందులో డీహెచ్‌సీపీ అనేది ఆపెయ్యాలి. ఆ పెత్తనం హాల్లో పెట్టెకొక్కదానికే ఉండాలి. పేరూ, పాస్‌వర్డూ రెండింటికీ ఒకటే పెట్టి, చానెల్ మాత్రం ఒకదానికి 1, ఇంకోదానికి 6 ఇచ్చాం. మైక్రోవేవ్ పక్కన మాత్రం పెట్టకండి, అది నడుస్తున్నంతసేపూ సిగ్నల్ తడబడుతుంది.

గోడ మీద తీగ వికారంగా ఉందని మావారికి ఇంకా గొణుగుడే. కొత్తగా ఇల్లు కట్టుకునేవాళ్లయితే, కరెంటు గొట్టాలు వేసేటప్పుడే వంటింటికి ఈ కేబుల్ కోసం ఒక గొట్టం వేయమనండి. వాళ్లు మిమ్మల్ని అడగరు. మీరే చెప్పాలి.

నిన్న ఫోను పప్పుల డబ్బాకి ఆనించి, గోంగూర ఒలుస్తూ, అమ్మతో ముప్పావుగంట మాట్లాడాను. ఏం మాట్లాడుకున్నామో మీకూ చెప్పను.