సారుకు ఎరుక లేదట!

2023 సెప్టెంబర్ 11 నుంచి అక్టోబర్ 31 దాకా చంద్రబాబు రాజమండ్రి సెంట్రల్ జైల్లో ఉన్నారు. స్కిల్ డెవలప్‌మెంట్ పథకానికి సర్కారు ఇచ్చిన 371 కోట్లలో పెద్ద భాగం డొల్ల కంపెనీలకు మళ్లిందన్నది సీఐడీ ఆరోపణ. విధానమే ముఖ్యమంత్రిది, అమలు అధికారులదన్నది టీడీపీ జవాబు. సొమ్ము పార్టీ ఖాతాలకు చేరిందనడానికి ప్రాథమిక ఆధారం లేదని నవంబర్ 20న బెయిలిస్తూ హైకోర్టు చెప్పింది. నేరం సంగతి కోర్టులది.

మరి జవాబుదారీ? సైబరాబాద్ నేనే కట్టిన అన్నప్పుడు ఏ అధికారీ యాదికి రాడు. ఫైలు మెడకు చుట్టుకున్నప్పుడే యాదికొస్తాడు! ఆఫీసులో గుమస్తా లెక్క పది రూపాయలు తప్పితే మెమో. 'నాకు ఎరుక లేదు' అంటే వింటారా?

ఈ ప్రశ్న ఆంధ్ర నేతలకే కాదు. 2024 మార్చిలో ఫోన్ ట్యాపింగ్ కేసులో అరెస్టయిన పోలీసు అధికారులు కేసీఆర్ ఏలుబడిలో పనిచేసినవాళ్లే. కొట్లాడి తెచ్చుకున్న రాష్ట్రంలో మన ఫోన్లే చాటుగా విన్నారన్నది ఆరోపణ. రాజమండ్రికో గజం, గజ్వేల్‌కో గజమా?

ఎరుకుండి ఊకుంటే నేరం. ఎరుకే లేకుంటే చేతగానితనం. ఏదో ఒకటి ఒప్పుకోవాలె. విద్యార్థులారా, ఉద్యోగులారా, ఏ సారునైనా అడగండి: నీకు ఎరుకేనా?