నొప్పులు తెప్పించిన తొలి కాన్పు: సంఘం పట్టించుకోవలసిన విషయమే

తొలి కాన్పును గురించి సంఘ పత్రికలో వ్రాయటమేమిటని మన సభ్యులలో కొందరు ఆశ్చర్యపడవచ్చు. కరువు భత్యం, పింఛను, ఖాళీల భర్తీ, బదిలీలు, ఇవి కదా ఈ పుటలలో చర్చించవలసినవి అని వారు అనవచ్చు. పురిటి గదిలో జరిగేది ఆడవారి సంగతి, డాక్టర్ల సంగతి, ఎవరి ఇంటి సంగతి వారిది అనే అభిప్రాయం మనలో చిరకాలంగా ఉన్నది. ఈ అభిప్రాయం సరియైనది కాదని మేము భావిస్తున్నాము. పురిటి గదిలో ఎందరు గర్భిణులకు ఎందరు నర్సులున్నారనేది సిబ్బంది సమస్య. ఆ గది వెలుపల భర్త ఉన్నాడా, లేక ఎక్కడో దూరాన ఇంజనులో ఉన్నాడా అనేది సెలవు సమస్య. ఈ రెండూ నిస్సందేహంగా సంఘం సమస్యలే.

నొప్పులు వాటంతట అవి రాక, మందులతో తెప్పించి కాన్పు చేయవలసి వచ్చినప్పుడు ఈ రెండు సమస్యలూ మరింత తీవ్రమవుతాయి. నేడు మన సభ్యుల ఇళ్లలో ఈ విధమైన కాన్పులు అరుదు కావు. కాని దానిని గురించిన సరియైన అవగాహన మాత్రం మన కుటుంబాలకు తక్కువగా ఉన్నది. అందుచేత ముందుగా విషయాన్ని వివరించి, ఆ తరువాత మన కర్తవ్యాన్ని సూచించటం మా ఉద్దేశ్యం.

పిట్యూటరీ గ్రంథి నుండి తీసిన సారం గర్భాశయాన్ని సంకోచింపజేస్తుందని 1906లో బ్రిటిష్ శాస్త్రజ్ఞుడు హెన్రీ డేల్ వెల్లడించాడు. ఆ గుణం గల ఆక్సిటోసిన్ అనే పదార్థాన్ని 1953లో అమెరికన్ రసాయన శాస్త్రజ్ఞుడు విన్సెంట్ దు విన్యో ప్రయోగశాలలో తయారుచేయగలిగాడు. 1955లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. నేడు ఆసుపత్రులలో "నొప్పుల సెలైను" అని మనవారు పిలిచే దానిలో ఉండే మందు ఇదే. దానికి ముందు గర్భాశయ ముఖద్వారం మెత్తబడటానికి జెల్ లేదా మాత్రలు వాడతారు. రబ్బరు గొట్టం చివర నీటితో ఉబ్బే చిన్న బుడగను అమర్చే పద్ధతి కూడా ఉన్నది. అవసరాన్ని బట్టి ఉమ్మనీటి సంచిని చిదుపుతారు.

ఇది డాక్టర్ల వేడుక కోసం చేసే పని కాదు. 41 వారాలు నిండినా నొప్పులు రాకపోవటం, తల్లికి రక్తపోటు పెరగటం, నొప్పులు లేకుండానే ఉమ్మనీరు పోవటం వంటి సందర్భాలలో ఇంకా వేచి ఉండటం బిడ్డకో తల్లికో ప్రమాదమని తోచినప్పుడు ఈ మార్గాన్ని ఆశ్రయిస్తారు. నొప్పులు తెప్పిస్తే చివరకు ఆపరేషనే గతి అని మన ఇళ్లలో ఒక భయం ఉన్నది. 2018లో ప్రచురితమైన ఒక అమెరికన్ అధ్యయనంలో 6,106 మంది తొలిచూలు గర్భిణులను రెండు వర్గాలుగా చేసి పరిశీలించారు. 39వ వారంలో నొప్పులు తెప్పించిన వర్గంలో 18.6 శాతానికి సిజేరియన్ అవసరం కాగా, వేచి ఉన్న వర్గంలో 22.2 శాతానికి అవసరమైంది. కాబట్టి దోషం మందులో లేదు. అయితే, పక్కన మనిషి లేకుండా, తగినంత సమయం ఇవ్వకుండా అదే మందు ఎక్కిస్తే అదే ఫలితాన్ని ఆశించరాదు.

సమయాన్ని గురించి ప్రతి కుటుంబమూ తెలుసుకొనవలసినది కొంత ఉన్నది. 1964లో ఎడ్వర్డ్ బిషప్ అనే వైద్యుడు గర్భాశయ ముఖద్వారం కాన్పుకు ఎంతవరకు సిద్ధమైనదో కొలవటానికి ఐదు అంశాలతో, 13 మార్కులతో ఒక పద్ధతిని రూపొందించాడు. ద్వారం ఎంత తెరుచుకున్నది, ఎంత పలచబడినది, ఎంత మెత్తబడినది, ఏ దిశలో ఉన్నది, బిడ్డ తల ఎంత కిందికి దిగినది అనేవే ఆ అంశాలు. 8కి పైగా మార్కులుంటే పని సులువు. 6, అంతకు తక్కువ ఉంటే ముందుగా ద్వారాన్ని మెత్తబరచవలసి ఉంటుంది. తొలి కాన్పులో ఈ మెత్తబడే దశకే ఒక పగలు, ఒక రాత్రి పట్టవచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018 సూచనల ప్రకారం ద్వారం 5 సెంటీమీటర్లు తెరుచుకున్న తరువాతనే అసలైన ప్రసవ దశ ఆరంభమైనట్లు లెక్క. తొలి కాన్పులో ఆ దశ సాధారణంగా 12 గంటలు మించదు. పూర్తిగా తెరుచుకున్న తరువాత బిడ్డ బయటికి రావటానికి 3 గంటల వరకు పట్టవచ్చు. అంతకు ముందరి దశకు ఇంత అని గడువు లేదు. తల్లీ బిడ్డల స్థితి బాగున్నంతవరకు, ఉమ్మనీరు తీసి సెలైను పెట్టిన తరువాత కనీసం 12 నుండి 18 గంటలు చూడనిదే ప్రయత్నం విఫలమైనదని నిర్ణయించరాదని 2014లో అమెరికన్ ప్రసూతి వైద్యుల సంఘాలు తమ సభ్యులకు సూచించినవి.

ఈ లెక్కలు తెలియక ఎన్నో కుటుంబాలు "నిన్న సాయంత్రం మందు పెట్టారు, ఇంకా కాలేదు" అని కంగారుపడి తామే ఆపరేషను చేయమని కోరుతున్నవి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 21.5 శాతం కాన్పులు సిజేరియన్‌లు. ఆంధ్రప్రదేశ్‌లో అవి 42.4 శాతం, తెలంగాణలో 60.7 శాతం. వీటిలో ప్రాణాలు నిలిపినవి ఎన్నో ఉన్నవి. ఆపరేషన్లన్నీ అనవసరమని మేము అనము. కాని పక్కపక్కనున్న రాష్ట్రాల మధ్య ఇంతటి వ్యత్యాసానికి గర్భిణుల శరీరాలలో తేడా కారణమని ఎవరూ చెప్పలేరు. వేచి ఉండటానికి కావలసిన సిబ్బంది, ఓపిక, వసతి ఎక్కడ లేవో అక్కడ కత్తి దగ్గరి దారి అవుతుందని మా అభిప్రాయం.

మా దృష్టికి వచ్చిన ఒక ఉదంతాన్ని ఇక్కడ పేర్కొనటం అవసరం. ఆ సోదరి ఒక సబ్ పోస్టాఫీసులో పోస్టల్ అసిస్టెంటు. భర్త అసిస్టెంటు లోకో పైలట్. తొలిచూలు. 41 వారాలు నిండనున్నవి కనుక సోమవారం సాయంత్రం ఆసుపత్రిలో చేరవలసిందని డాక్టరు నాలుగు రోజుల ముందే చెప్పారు. భర్త ఆనాడే సెలవుకు దరఖాస్తు పెట్టాడు. సిబ్బంది కొరత ఉన్నదనీ, కాన్పు అయిన తరువాత చూద్దామనీ జవాబు వచ్చింది. సోమవారం రాత్రి జెల్ పెట్టారు. మంగళవారం తెల్లవారేవరకు నడుము నొప్పి తప్ప మరేమీ లేదు. మరల పెట్టారు. సాయంత్రానికి ద్వారం 3 సెంటీమీటర్లు తెరుచుకున్నది. రాత్రి ఉమ్మనీరు తీసి సెలైను ఎక్కించసాగారు.

ఆ రాత్రి ఆ గదిలో ఐదుగురు గర్భిణులు, ఒక నర్సు. ఈమె తల్లిని తలుపు దాటి రానివ్వలేదు. తెల్లవారుజామున నొప్పి మీద నొప్పి, ఊపిరి తీసుకొనే వ్యవధి లేకుండా రాసాగినవి. నర్సు పక్క మంచం మీద మరొక కాన్పు చేస్తున్నది. నలభై నిమిషాల తరువాత వచ్చి చూసేసరికి బిడ్డ గుండె చప్పుడు మందగించి ఉన్నది. వెంటనే సెలైను ఆపి, పక్కకు తిప్పి పడుకోబెట్టింది. బిడ్డ తేరుకున్నది. బుధవారం మధ్యాహ్నం వాక్యూమ్ పరికరంతో కాన్పు చేశారు. గర్భాశయం వెంటనే ముడుచుకొనక రక్తం చాలా పోయింది. రెండు యూనిట్ల రక్తం ఎక్కించవలసి వచ్చింది. తల్లీ బిడ్డా క్షేమంగా ఇల్లు చేరారు. నడిచే ఇంజనులో ఫోను తెరవరాదు కనుక, భర్తకు ఈ వార్త డ్యూటీ దిగి రన్నింగు రూముకు చేరిన తరువాతనే తెలిసింది. "నొప్పులు ఓర్చుకున్నాను. పిలిస్తే పలికేవారు లేని ఆ కాసేపే ఇప్పటికీ నిద్రలో గుర్తుకు వస్తుంది" అని ఆ సోదరి తరువాత మాతో అన్నది.

ఆ నర్సును నిందించటానికి మేము ఈ ఉదంతాన్ని చెప్పటం లేదు. ఆమె మనవంటి కార్మికురాలే. ఇద్దరు చేయవలసిన సార్టింగు ఒక్కరి మీద పడితే ఏమవుతుందో ఆర్.ఎం.ఎస్. సోదరులకు తెలుసు. విశ్రాంతి లేని డ్యూటీ ఏమి చేస్తుందో రన్నింగు సిబ్బందికి తెలుసు. 1974 మే 8 నుండి 27 వరకు సాగిన రైల్వే సమ్మె కోర్కెలలో 8 గంటల పనిదినం ఒకటి. సిబ్బంది కొరతకు మూల్యం చెల్లించేది పనిచేసేవారూ, వారి మీద ఆధారపడిన ప్రజలూ అని మనం నాటినుండి చెబుతూనే ఉన్నాము. పురిటి గదిలో ఆ మూల్యం చెల్లించేది తల్లి, బిడ్డ.

2011లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయమై ఒక స్పష్టమైన నియమాన్ని చెప్పింది: ఆక్సిటోసిన్ గాని, తత్సమానమైన ఇతర మందులు గాని పొందుతున్న స్త్రీని ఎన్నడూ పర్యవేక్షణ లేకుండా వదలివేయరాదు. కారణం సులభంగా అర్థమవుతుంది. 10 నిమిషాలలో 5 సార్లకు మించి నొప్పులు వస్తే గర్భాశయానికి విరామం దొరకదు, బిడ్డకు ప్రాణవాయువు తగ్గుతుంది. అప్పుడు చుక్కలు తగ్గించవలసినది, లేదా ఆపవలసినది మనిషే. అందుచేత ఐదుగురికి ఒక నర్సు అనే ఏర్పాటు ఈ విధమైన కాన్పుకు ఏర్పాటే కాదు.

శిక్షణ గల నర్సు స్థానాన్ని బంధువు భర్తీ చేయలేదు. కాని పక్కన ఒక ఆత్మీయురాలు ఉండటం కేవలం ఓదార్పు కూడా కాదు. 15,000 మందికి పైగా స్త్రీలకు సంబంధించిన 26 అధ్యయనాలను 2017లో క్రోడీకరించినప్పుడు, ప్రసవకాలమంతా తోడున్న స్త్రీలకు సహజ కాన్పులు ఎక్కువగా, ఆపరేషన్లు తక్కువగా జరిగినట్లు తేలింది. ప్రభుత్వ ఆసుపత్రులలో ప్రసవ సమయాన ఒక స్త్రీని తోడుగా అనుమతించవలసిందని, చాటు సరిగా ఉన్నచోట భర్తను కూడా అనుమతించవచ్చునని కేంద్ర ఆరోగ్య శాఖ 2016లోనే మార్గదర్శకాలు జారీచేసింది. 2017లో ఆరంభమైన లక్ష్య కార్యక్రమం పురిటి గదుల స్థాయిని పెంచటానికి ఉద్దేశించినదే. ఉత్తర్వులకు లోటు లేదు. లోటంతా అమలులోనే.

ఇక సెలవు సంగతి. 1928లో బొంబాయి శాసనమండలిలో ప్రసూతి సహాయ బిల్లును సమర్థిస్తూ డాక్టర్ అంబేడ్కర్ ప్రసంగించారు. 1929లో అది చట్టమైంది. 1961లో దేశవ్యాప్త చట్టం వచ్చింది. 2017లో సెలవు 12 వారాల నుండి 26 వారాలకు పెరిగింది. కేంద్ర ప్రభుత్వోద్యోగినులకు 2008 నుండి 180 రోజులు లభిస్తున్నది. ఇవన్నీ పోరాడి సాధించుకున్న హక్కులే. అయితే ఈ చరిత్ర అంతటిలో కాన్పుకు ముందరి దినాలను, తరువాతి దినాలను లెక్కించాము గాని, కాన్పు జరిగే ఆ 20, 30 గంటలను మనం ప్రత్యేకంగా పట్టించుకొనలేదు.

కేంద్ర ప్రభుత్వోద్యోగులకు 1997 నుండి 15 రోజుల పితృత్వ సెలవు ఉన్నది. రైల్వే ఉద్యోగులకు కూడా ఆ సదుపాయం వర్తించింది. ఇద్దరికంటె తక్కువ సంతానం ఉన్న ఉద్యోగి దీనిని కాన్పుకు 15 రోజుల ముందు నుండి, కాన్పు అయిన 6 నెలల లోపల వాడుకొనవచ్చును. సెలవు నియమాలలో 43-ఏ నియమం మరొక మాట కూడా చెబుతున్నది: ఏ పరిస్థితులలోనూ ఈ సెలవును సాధారణంగా నిరాకరించరాదు. ఇంత గట్టి మాట ఉండగా మన ఆఫీసులలోనూ, క్రూ లాబీలలోనూ జరుగుతున్నదేమిటి? "కాన్పు కానివ్వండి, అప్పుడు చూద్దాం" అంటారు. ఆ సెలవు చివరకు బారసాలకు పనికివస్తున్నది గాని పురిటికి పనికిరావటం లేదు.

సహజంగా వచ్చే నొప్పులకు తేదీ తెలియదు కనుక రిలీఫ్ ఏర్పాటు చేయలేకపోయామని అధికారి అనవచ్చు. నొప్పులు తెప్పించే కాన్పుకు తేదీ చాలాసార్లు ముందే తెలుస్తుంది. నాలుగు రోజుల వ్యవధిలో ఒక మనిషికి బదులు మనిషిని చూపలేని పాలనా యంత్రాంగం తన అసమర్థతను ఉద్యోగి ఇంటి మీద రుద్దుతున్నదని చెప్పక తప్పదు.

ఈ పరిస్థితిలో శాఖా కార్యదర్శులు చేయవలసిన పనులు కొన్ని ఉన్నవి. ప్రసవ తేదీ దగ్గరపడిన సభ్యుల దరఖాస్తులను ముందుగానే తెలుసుకొని, రిలీఫ్ ఏర్పాటును లిఖితపూర్వకంగా కోరాలి. సెలవు నిరాకరిస్తే కారణాన్ని లిఖితంగా ఇవ్వమని పట్టుబట్టాలి. రైల్వే ఆసుపత్రులున్నచోట పురిటి గదిలో ఒక్కొక్క షిఫ్టుకు ఎందరు నర్సులున్నారో, ఎన్ని ఖాళీలున్నవో లెక్కలు సేకరించి అనధికార చర్చలతో సరిపెట్టక సంయుక్త సమావేశాల ఎజెండాలో చేర్చాలి. తోడుకు ఒక స్త్రీని అనుమతించే ఉత్తర్వును ఆసుపత్రి గోడమీద తెలుగులో వ్రాయించాలి. రెఫరల్ ఆసుపత్రులకు కూడా ఇదే షరతు పెట్టమని కోరాలి. స్టేషన్లను శుభ్రం చేసే కాంట్రాక్టు కార్మికుడికి చట్టంలో పితృత్వ సెలవు అనేదే లేదు. వేతన సంఘాల ముందు, ప్రభుత్వం ముందు మనం ఉంచే విజ్ఞాపనలలో అతని మాట కూడా ఉండాలి.

కుటుంబాలకు ఒక మనవి. నొప్పులు తెప్పించాలని డాక్టరు చెప్పినప్పుడు మూడు ప్రశ్నలు అడగండి. ఎందుకు అవసరం? ఎంత సమయం పట్టవచ్చు? రాత్రి పక్కన ఎవరుంటారు? ఇవి డాక్టరును శంకించే ప్రశ్నలు కావు. మంచి డాక్టరు వీటికి సంతోషంగానే జవాబిస్తారు. మూడవ ప్రశ్నకు సరియైన జవాబు రాని పక్షంలో ఆ విషయాన్ని మన శాఖ దృష్టికి తీసుకురండి. దానిని సిబ్బంది సమస్యగా స్వీకరించి పై స్థాయికి తీసుకుపోవటానికి ఈ సమాఖ్య సిద్ధంగా ఉన్నది.