రెండో ఆపరేషన్‌కు ముందు

ముక్కు ఉన్నంతకాలం పడిశం తప్పదని పెద్దలంటారు. ముక్కుకు ఆపరేషన్ అయ్యాక కూడా గాలి ఆడకపోతే ఏం చేయాలో మాత్రం వారు చెప్పిపోలేదు. ఈ మూడు నెలల్లో ఫోన్ చేసి పరామర్శించిన సంఘం సభ్యులందరికీ ఈసారి ఇక్కడే జవాబు రాస్తున్నాను. ఇదే బాధ పడుతున్నవారు మన కుటుంబాల్లో ఇంకా ఉన్నారని ఆ ఫోన్ల వల్లే తెలిసింది.

నాది ముక్కు దూలం వంకర. ఏడాదిన్నర కిందట ఇక్కడే షోలాపూర్‌లో ఒక ఆస్పత్రిలో సరిచేశారు. రెండు నెలలు హాయిగా గడిచాయి. తరువాత కుడివైపు మళ్ళీ పట్టేసింది. రాత్రి రెండింటికి నోరెండిపోయి లేస్తాను. నాతోపాటు మా ఇంటావిడా లేచి కూర్చుంటుంది. "మళ్ళీ చేద్దాం" అన్నారు అక్కడి డాక్టరుగారు. "మళ్ళీ కత్తా? వద్దే వద్దు" అంది ఆవిడ. పుణేలో ఉండే మా పెద్ద బావగారు మధ్యేమార్గంగా అక్కడి డాక్టరుకొకరికి చూపించారు.

ఆ డాక్టరు అడిగిన మొదటి మాట, "పాత ఆపరేషన్ నోట్స్ ఏవి?" నా దగ్గరున్నది డిశ్చార్జి కార్డు. అందులో ఆపరేషన్ గురించి ఒకే ఒక్క వాక్యం. బ్యాంకులో పాత ఫైలు చూడకుండా ఏ రుణాన్నీ తిరగరాయం. ముక్కుకు మాత్రం వేరే న్యాయమా? వైద్యుల ప్రవర్తనపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం ఇన్‌పేషెంటు రికార్డులను 3 సంవత్సరాలు భద్రపరచాలి. రోగి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఒక ఉత్తరం రాసి ఇచ్చాను. మూడో రోజున కాగితాలు చేతికొచ్చాయి. దూలంలోంచి మృదులాస్థి ఎంత తీశారో, ఎంత మిగిల్చారో అందులో ఉంది. రెండోసారి ముక్కుకు ఆసరా కట్టాలంటే ఆ మృదులాస్థే కావాలి. అది మిగలకపోతే చెవి నుంచో పక్కటెముక నుంచో తీయాల్సి వస్తుంది.

ఇక అసలు సంగతి. ఆపరేషన్ తరువాత గాలి ఆడకపోవడానికి కారణం ఒకటే కాదు. దూలంలో కొంత వంకర మిగిలిపోవచ్చు. గాయం మానేటప్పుడు లోపలి గోడలు ఒకదానికొకటి అతుక్కుపోవచ్చు. అలాగైతే చిన్న చికిత్సతోనే విడదీయవచ్చు. అలర్జీ వల్ల లోపలి కండలు వాచి ఉంటే స్ప్రేలతో తగ్గుతుంది, కత్తితో పని లేదు. ముక్కు పక్కగోడ బలహీనపడితే గట్టిగా గాలి పీల్చినప్పుడల్లా లోపలికి ముడుచుకుంటుంది. దూలం ఎన్నిసార్లు సరిచేసినా ఇది తగ్గదు. అరుదుగా మరో రకం ఉంది. లోపలి కండలు ఎక్కువగా తీసేస్తే దారి విశాలంగా ఉన్నా గాలి పోతున్నట్టే తెలియదు. అటువంటివారికి ఇంకా కోసి తీయడం మరింత చేటు.

దూరబీన్ లాంటి సన్నని గొట్టంతో చూసి, నాది పక్కగోడ బలహీనత అని తేల్చారు పుణే డాక్టరు. చెంపను వేలితో పక్కకు లాగి పీల్చమన్నారు. గాలి జలజలా పోయింది. ఆ ఒక్క పరీక్షనే నమ్మకూడదంటూ రాత్రిళ్ళు ముక్కుపై అంటించుకునే పట్టీ ఒకటి రాసిచ్చారు. దానితో ఉపశమనం కలిగితే ఆ చోటికి ఆసరా కట్టడం వల్ల ఫలితం ఉండవచ్చట.

నాకు బాగా నచ్చింది మరొకటి. 2004లో అమెరికా వైద్యులు ప్రకటించిన మార్కుల పద్ధతి. ప్రశ్నలు అయిదు: దిబ్బడ, ముక్కు మూసుకుపోవడం, ఊపిరి కష్టం, నిద్ర కష్టం, శ్రమలో గాలి చాలకపోవడం. ఒక్కోదానికి బాధను బట్టి 0 నుంచి 4 మార్కులు. మొత్తాన్ని 5తో గుణిస్తే నూటికి లెక్క వస్తుంది. నాకు 65 వచ్చింది. పట్టీ వాడిన నెలకు 40కి దిగింది. మా ఇంటావిడ ఆ అంకెలు చూశాక "వద్దే వద్దు" అనడం మాని, "ఇంకో రెండు నెలలు చూద్దాం" అంటోంది. నేనూ అక్కడే ఉన్నాను.

తొందర లేదని డాక్టరు కూడా అన్నారు. ముక్కు ఆకారం మార్చే ఆపరేషన్ అయితే వాపు పూర్తిగా తగ్గడానికి ఏడాది పడుతుంది. అంతవరకు సాధారణంగా రెండోదానికి పూనుకోరు. మచ్చ కట్టిన కండలో పని చేయాలి కాబట్టి రెండోసారి మొదటిదానికన్నా కష్టం. ముక్కును పునర్నిర్మించేటప్పుడు ఊపిరి ఆడేందుకు రెండు గొట్టాలు అమర్చమని సుశ్రుతుడు ఏనాడో చెప్పాడు. రూపం ఎంత ముఖ్యమో శ్వాస అంత ముఖ్యం.

ఇదే ఆలోచనలో ఉన్నవారికి మూడు మాటలు. దిబ్బడ తగ్గించే చుక్కల మందును డాక్టరు చెప్పిన నాలుగైదు రోజులు దాటి వాడకండి. ఆ మందే దిబ్బడను పెంచుతుంది. అందం కోసం చేసే సర్జరీకి ఆరోగ్య బీమా వర్తించదు కనుక, ఊపిరి ఇబ్బంది కోసమేనని డాక్టరు చేత స్పష్టంగా రాయించుకోండి. "అడ్డు సరిగ్గా ఎక్కడుంది? దానికి ఈ ఆపరేషనే ఎందుకు?" అని అడగండి. ఈ రెండింటికీ మనకర్థమయ్యే జవాబు వచ్చాకే సంతకం పెట్టండి. ఊపిరి ఉంటే ఉప్పు అమ్ముకునైనా బతకవచ్చు. ఆ ఊపిరి విషయంలో రెండు నెలలు ఆగి లెక్క చూసుకోవడం పిరికితనమేమీ కాదు.